శ్రీకాళహస్తి కలంకారీ ఆన్‌లైన్‌లో అమ్మాలి: వెబ్‌సైట్ ముందా, జీఎస్టీ ముందా?

కొర్లగుంట చెల్లి

నమస్తే అండీ అందరికీ. ఉండేది తిరుపతిలో. మా పిన్నమ్మ వాళ్ళది శ్రీకాళహస్తి, ఇంట్లో ముగ్గురు కలంతో కలంకారీ వేస్తారు. వేసిన సరుకంతా ఇప్పటిదాకా షాపుల వాళ్ళకే పోతా ఉంది, వాళ్ళు చెప్పిందే రేటు. ఆన్‌లైన్‌లో నేరుగా అమ్మి చూద్దామని అనుకుంటా ఉన్నాం. చేతిలో 60,000 ఉంది. పాతిక కాటన్ దుపట్టాలు, ఐదు చీరలతో మొదలుపెట్టాలని ఆలోచన. పిన్నమ్మకి దుపట్టాకి 1,200, చీరకి 4,500 చొప్పున ఇవ్వాలి.

తెలియనివి ఇవి. వెబ్‌సైట్ చేసిస్తామని ఒకరు 25,000 అడుగుతున్నారు, అది ఇప్పుడే పెట్టించాలా, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌తో సరిపెట్టుకోవాలా? అమ్మకం 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదని కొందరు, మొదటిరోజే కావాలని కొందరు అంటున్నారు, ఏది నిజం? కొరియర్ సంగతి అస్సలు తెలియదు. దుపట్టాకి 1,599 పెడితే ఏమన్నా మిగులుతుందా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి.

పద్దుల పుస్తకం

ముందు జీఎస్టీ తేల్చుకోండమ్మా. మీరు ఏ ఊరికి పంపొచ్చు, ఏ ఊరికి పంపకూడదు అనేది దాన్నిబట్టే ఉంటుంది. వెబ్‌సైట్ మాట ఆ తరవాత.

మీకు చెప్పిన 40 లక్షల లెక్క సగమే నిజం. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అయితే అది రాష్ట్రం లోపల అమ్మకాలకే. పన్ను పడే సరుకుని పక్క రాష్ట్రానికి అమ్మితే మామూలుగా మొదటి పార్సిల్ నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. తిరుపతిలో కూర్చున్నవాళ్ళకి చెన్నై, బెంగళూరు పక్కిళ్ళే, కానీ చట్టం దృష్టిలో రెండూ వేరే రాష్ట్రాలు. హైదరాబాద్ కూడా అంతే. చాలామంది మరిచిపోయేది హైదరాబాద్‌నే.

మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, జీఎస్టీ లేకుండా ఆంధ్ర లోపలే అమ్మడం. పాన్, ఉద్యమ్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా ఉంటే చాలు. పెద్ద ఆన్‌లైన్ మార్కెట్ల ద్వారా అమ్మేవాళ్ళకి ఒకప్పుడు జీఎస్టీ తప్పనిసరిగా ఉండేది. 2023 అక్టోబర్ 1 నుంచి జీఎస్టీ పోర్టల్‌లోనే ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని, రిజిస్ట్రేషన్ లేకుండా కూడా అమ్మొచ్చు, అదీ సొంత రాష్ట్రం లోపలే. మీషో లాంటివి ఈ నంబర్‌తో అమ్మేవాళ్ళని తీసుకుంటాయి.

రెండోది హస్తకళల మినహాయింపు. చేత్తో చేసిన కొన్ని రకాల సరుకుని రిజిస్ట్రేషన్ లేకుండానే రాష్ట్రం దాటించొచ్చు, 20 లక్షల లోపు. ఆ జాబితాలో చేనేత బట్టలు, చేత్తో అద్దకం వేసిన బట్టలు ఉన్నాయి. మీ దుపట్టా అందులోకి వస్తుందో లేదో హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకాన్ని చెప్పే అంకె) చూపించి ఆడిటర్ దగ్గర రాయించుకోండి, నోటి మాట వద్దు. అసలు చిక్కు ఇంకొకటుంది. ఈ మినహాయింపు వాడుకుంటే రాష్ట్రం దాటే ప్రతి పార్సిల్‌కీ ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి. మామూలు వ్యాపారికి 50,000 దాటితేనే పడే ఆ నిబంధన ఇక్కడ 1,500 రూపాయల దుపట్టాకి కూడా పడుతుంది. కాగితం మీద చూస్తే మంచి సదుపాయమే. రోజుకి మూడు పార్సిళ్ళు పంపేవాళ్ళకి మాత్రం నెల తిరక్కుండానే విసుగొస్తుంది. ఎగ్జిబిషన్‌కి ఒకేసారి సరుకు తీసుకెళ్ళేవాళ్ళకైతే ఇది పనికొస్తుంది. ఇంకోటి, ఇది సొంతంగా అమ్ముకునేవాళ్ళకే, ఆన్‌లైన్ మార్కెట్ల ద్వారా వేరే రాష్ట్రాలకి అమ్మడానికి పనికిరాదు.

మూడోది రెగ్యులర్ జీఎస్టీ. పోర్టల్‌లో రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు. పాన్, ఆధార్, ఫోటో, బ్యాంకు వివరాలు, వ్యాపారం చేసే చోటి రుజువు కావాలి. ఇల్లు నాన్నగారి పేరున ఉంటే కరెంటు బిల్లు, దానితోపాటు ఆయన సంతకం చేసిన అంగీకార పత్రం జతచేయాలి. దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఎక్కువగా ఇక్కడే: బిల్లు మీద డోర్ నంబర్ ఒకటి, దరఖాస్తులో ఇంకొకటి ఉంటుంది. రెండూ అక్షరం తేడా లేకుండా ఉండాలి.

జీఎస్టీ తీసుకున్నాక అమ్మకం లేని నెలైనా రిటర్న్ (అమ్మకాల, పన్ను లెక్క) వేయాల్సిందే. ఆలస్యమైతే అమ్మకం లేని రిటర్న్‌కి రోజుకి 20, ఉన్నదానికి రోజుకి 50 రూపాయల ఫీజు నడుస్తుంది. చిన్నవాళ్ళు మూడు నెలలకోసారి రిటర్న్ వేసే పద్ధతి ఎంచుకోవచ్చు, పన్ను మాత్రం నెలనెలా కట్టాలి. కాంపోజిషన్ స్కీమ్‌లో (చిన్న వ్యాపారులు టర్నోవర్ మీద తక్కువ శాతం కట్టే పద్ధతి) చేరమని ఎవరన్నా చెప్తే వినకండి, అందులో ఉంటే వేరే రాష్ట్రానికి అమ్మే వీలే ఉండదు.

నా సలహా: మొదటి పాతిక దుపట్టాలు ఆంధ్ర లోపలే అమ్మండి. విశాఖ, విజయవాడ, నెల్లూరు, కర్నూలు చాలు. ఆలోగా చెన్నై, హైదరాబాద్ నుంచి ఎంతమంది అడుగుతున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ సంఖ్య చూసి జీఎస్టీ తీసుకోండి.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్, పాన్ చాలు. వెతికితే అచ్చం అట్లాగే కనబడే ప్రైవేటు సైట్లు పైన వస్తాయి, డబ్బు అడిగిందంటే అది అసలుది కాదు.

పార్సిల్ బండి

కొరియర్ గురించి నేను చెప్తా.

కొరియర్ వాళ్ళు రెండు బరువులు చూస్తారు, ఏది ఎక్కువైతే దానికి డబ్బు తీసుకుంటారు. ఒకటి కాటా మీద బరువు. రెండోది సైజు బరువు: పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తే కిలోలు వస్తాయి. దుపట్టాని అందంగా ఉంటుందని 30 × 25 × 10 అట్టపెట్టెలో పెట్టారనుకోండి, 7,500ని 5,000తో భాగిస్తే 1.5 కిలో. లోపల సరుకు పావుకిలో, మీరు కట్టేది కిలోన్నరకి! అదే దుపట్టా కవర్‌లో చదునుగా పెడితే 28 × 22 × 3, అంటే 0.37 కిలో. అర కిలో శ్లాబులోనే ఉంటుంది.

చీర దగ్గర ఇంకో మెలిక. జాకెట్టు గుడ్డతో కలిపి కాటన్ చీర అర కిలో అటూ ఇటూ తూగుతుంది. కవరు, అట్ట, కాగితం కలిస్తే శ్లాబు దాటి కిలో రేటు పడుతుంది. ప్రతి చీరని ప్యాకింగ్‌తో సహా తూచి, ఆ బరువు చూసి రేటు వేసుకోండి. అందుకే మొదటి విడతలో చీరలు వద్దంటా. ఐదు చీరలంటే 22,500, దుపట్టాల 30,000తో కలిపి 52,500 సరుకులోనే ఇరుక్కుంటుంది. ప్యాకింగ్‌కి, కొరియర్ వాలెట్‌కి (ఛార్జీల కోసం ముందే డబ్బు వేసి ఉంచే ఖాతా), తిరిగొచ్చే సరుకుకి చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. చీరలు ఫోటో పెట్టి ఆర్డర్ మీద చేయించండి.

ప్యాకింగ్ ఇట్లా. దుపట్టా మడిచి బటర్ పేపర్‌లో చుట్టాలి. న్యూస్ పేపర్ వద్దు, సిరా అంటుకుంటుంది. దాన్ని పల్చని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి మూయాలి, ఇది తడి నుంచి కాపాడేది. పైన 10 × 12 అంగుళాల కొరియర్ కవర్, జిగురు పట్టీ తీసి అతికించేది, 50 మైక్రాన్లకి తగ్గకుండా. చీరకైతే 12 × 16. లేబుల్ మీద బార్‌కోడ్ మడత మీద పడకూడదు, స్కాన్ కాక హబ్‌లో ఆగిపోతుంది. చిరునామా చీటీ ఒకటి లోపల కూడా వేయండి. పై లేబుల్ చిరిగితే ఆ చీటీయే దిక్కు.

ఒక డిజిటల్ కాటా కొనుక్కోండి. పార్సిల్ కాటా మీద పెట్టి, అంకె, లేబుల్ రెండూ కనబడేలా ఫోటో తీసి దాచండి. కొరియర్ హబ్‌లో మిషన్ కొలిచి ‘1 కిలో’ అని వేస్తే ఆ తేడా మీ వాలెట్‌లోంచి కోసేస్తారు. కాదని అభ్యంతరం పెట్టడానికి కొద్దిరోజులే గడువు. ఫోటో లేకపోతే మాట చెల్లదు.

ఎవరితో పంపాలి? షిప్‌రాకెట్ లాంటి అగ్రిగేటర్‌లో ఖాతా తెరిస్తే ఒకే చోట నాలుగైదు కొరియర్ల రేట్లు కనబడతాయి, ఇంటికొచ్చి తీసుకుపోతారు. నెలకి పది పార్సిళ్ళ లోపైతే దానికన్నా పోస్టాఫీసే నయం. స్పీడ్ పోస్ట్ పల్లెలకి కూడా పోతుంది, ప్రైవేటు కొరియర్ ‘ఆ పిన్‌కోడ్‌కి సర్వీసు లేదు’ అనే చోటికి కూడా. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు కాబట్టి ఇప్పుడు ఏది అడిగినా ఇదే. అదనంగా 5 రూపాయలు, దానిమీద జీఎస్టీ కడితే ఓటీపీ చెప్తేనే చేతికిచ్చే ఏర్పాటు ఉంది. ఖరీదైన చీరలకి అది తీసుకోండి.

సరుకు శ్రీకాళహస్తిలో ఉంచి అక్కడినుంచి పంపాలా, తిరుపతి నుంచా అని అడగలేదు గానీ అడగాల్సిన ప్రశ్న అది. ఒక్క చోటే పెట్టండి, తిరుపతిలో. రెండు చోట్ల ఉంటే పికప్ చిరునామాలు రెండు, లెక్కలు రెండు. పైగా మహాశివరాత్రికి కాళహస్తిలో, బ్రహ్మోత్సవాలకి తిరుపతిలో బండ్లు కదలవు. ఆ వారాల్లో ‘రేపే పంపుతాం’ అని ఎవరికీ మాటివ్వద్దు, పేజీలోనే నోటీసు పెట్టేయండి.

రేణిగుంట రోడ్డు

25,000 వెబ్‌సైట్ ఇప్పుడొద్దు. మీ చేతిలో ఉన్నది పాతిక దుపట్టాలు, పాతికా వేర్వేరు. ఒక్కోటి అమ్ముడుపోగానే ఆ పేజీకి పనిలేదు. కొత్త దానికి మళ్ళీ ఫోటో, వివరాలు ఎక్కించాలి. ఆ పని ఎవరు చేస్తారు? సైట్ చేసిచ్చినవాళ్ళు చేయరు.

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం, కాటలాగ్‌లో 500 వస్తువులదాకా పెట్టుకోవచ్చు. మీ సొంత నంబర్ కాకుండా వేరే సిమ్ మీద తెరవండి, లేకపోతే పెళ్ళి పిలుపుల మధ్య ఆర్డర్లు మాయమవుతాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో చూపించి వాట్సాప్‌లోకి తీసుకురండి.

అయితే ఒకటి. కాటలాగ్‌లో ‘స్టాక్ ఒకటే’ అనే లెక్క దానంతట అది చూసుకోదు. ఇన్‌స్టాలో ఒకరు, వాట్సాప్‌లో ఒకరు ఒకే దుపట్టా అడుగుతారు. అందుకే ప్రతి పీసుకీ నంబర్ ఇవ్వండి: కాటన్ దుపట్టా 014 అయితే ‘కాదు-014’, సిల్కు అయితే ‘సిదు-003’. ఆ నంబర్ బట్టకి దారంతో కట్టిన చీటీ మీద, ఫోటో మూలన, పుస్తకంలో, మూడు చోట్లా ఒకటే ఉండాలి. ‘తీసుకుంటా’ అన్నవాళ్ళకి రెండు గంటలు ఆపిపెట్టండి, డబ్బు రాకపోతే తరవాతి మనిషికి. ఈ నియమం ముందే రాసి పెట్టండి, తగాదాలుండవు.

డబ్బు వచ్చిందా లేదా అనేది స్క్రీన్‌షాట్ చూసి నమ్మొద్దు. దొంగ స్క్రీన్‌షాట్ తయారుచేసే యాప్‌లున్నాయి. బ్యాంకు యాప్ తెరిచి, వచ్చిన మొత్తం, యూటీఆర్ నంబర్ (ఆ చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే నంబర్) చూశాకే ప్యాక్ చేయండి.

ఇక సైట్ ఎప్పుడు? వేరే వేరే ఊళ్ళ నుంచి రోజూ ‘రేటెంత, ఉందా, ఎట్లా పంపుతారు’ అనే మూడు ప్రశ్నలకే మీ సాయంత్రమంతా పోతున్నప్పుడు. అప్పుడు కూడా ఎవరితో చేయించినా ఈ నాలుగు రాతపూర్వకంగా అడగండి: డొమైన్ (సైట్ చిరునామా) మీ పేరున, మీ ఈమెయిల్‌తో కొనాలి, అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతిలో ఉండాలి, పేమెంట్ గేట్‌వే (సైట్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే కంపెనీ) ఖాతా మీ పాన్, మీ బ్యాంకుతో తెరవాలి, రెండో ఏడాది నుంచి రెన్యువల్ ఎంతో ఇప్పుడే చెప్పాలి. డొమైన్, హోస్టింగ్ మొదటి ఏడాది చవగ్గా చూపించి రెండో ఏడు రేటు పెంచడం మామూలే.

రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి గేట్‌వేలు సైట్‌లో కొన్ని పేజీలు లేకపోతే ఖాతా ఇవ్వవు: చిరునామా, ఫోన్‌తో సంప్రదించే పేజీ, నిబంధనలు, ప్రైవసీ, రిఫండ్, షిప్పింగ్. ఇంకెవరి సైట్ నుంచో కాపీ కొడితే వాళ్ళ పేరు అందులో మిగిలిపోయి తిరస్కరిస్తారు. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు చూసే మనిషి పేరు, వివరాలు సైట్‌లో ఉండాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

పేరు గురించి ఒక్క మాట. ఫోన్‌లో ఒకసారి చెప్తే అవతలివాళ్ళు తప్పులేకుండా టైప్ చేయగలిగే పేరు పెట్టండి. టీటీడీ పేరు, గోపురం గుర్తు, ‘తిరుమల అధికారిక’ లాంటివి దగ్గరకి రానివ్వద్దు.

కరక్కాయ

పైన అందరూ లెక్కలు చెప్పారు, సరుకు గురించి ఎవరూ మాట్లాడలేదు. గొడవలన్నీ వచ్చేది దాని దగ్గరే.

‘కలంకారీ’ అని ఒక్క మాట రాసి వదిలేస్తే కొనేవాళ్ళు దాన్ని 400 రూపాయల స్క్రీన్ ప్రింట్‌తో పోల్చి చూస్తారు. మీది కలంతో గీసినది. పెడన, మచిలీపట్నం వైపుది చెక్క అచ్చులతో వేసేది. రెండింటికీ వేర్వేరు జీఐ (ఫలానా చోటి సరుకని చెప్పే భౌగోళిక) గుర్తింపులున్నాయి. మూడోది మిషన్ ప్రింట్, అది కలంకారీ డిజైన్ మాత్రమే. మీ వివరణలో నాలుగు విషయాలు ఖచ్చితంగా ఉండాలి: కలంతో గీసిందా, రంగులు పూర్తిగా సహజమైనవా, బట్ట ఏది, కొలత ఎంత. ఏ రంగన్నా రసాయనిక రంగైతే దాచొద్దు, ‘నీలం మాత్రం రసాయనిక రంగు’ అని రాసేయండి. కొనేవాళ్ళకి దానితో పెద్ద పట్టింపు ఉండదు, తరవాత తెలిస్తే మాత్రం డబ్బు వెనక్కి అడుగుతారు, ఇవ్వక తప్పదు. జీఐ ముద్ర లేబుల్ మీద వేసుకోవాలంటే పిన్నమ్మ వాళ్ళు ఆథరైజ్డ్ యూజర్‌గా నమోదు కావాలి. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ ఇచ్చే కళాకారుల పహచాన్ కార్డు ఇంట్లో ముగ్గురికీ ఉందో లేదో కూడా చూడండి. చేతిపని అని చూపించాల్సి వచ్చినప్పుడు, మేళాల్లో స్టాల్ అడిగేటప్పుడు పనికొస్తుంది.

కలంతో గీసిందని చూపించేది వెనకవైపు ఫోటో, దగ్గరి ఫోటో. గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, ఒకే పువ్వు రెండుసార్లు వేసినా రెండూ ఒకేలా ఉండవు. ఆ తేడాలు కనబడేలా తీయండి, అందంగా చేయబోయి ఫిల్టర్ వేయకండి.

ప్రతి పీసుకీ ఫోటోలు: పూర్తిగా పరిచినది, అంచు, ముఖ్యమైన బొమ్మ, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి దగ్గరిది, వెనకవైపు, భుజాన వేసుకున్నది. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు మధ్య, ఎండ నేరుగా పడని వరండాలో, తెల్ల దుప్పటి మీద. ట్యూబ్‌లైట్ కింద తీస్తే బట్ట తెల్లగా వస్తుంది. కరక్కాయ వేసిన బట్టకి ఉండే ఆ లేత పసుపే పోతుంది. ఫోన్ కెమెరాలు ఎరుపుని ఎక్కువ చేసి చూపిస్తాయి, మంజిష్ఠ వేరు ఎరుపు కుంకుమ రంగులో కనబడుతుంది. ఫోటోని బట్ట పక్కన పెట్టి చూసి, రంగు తీవ్రత తగ్గించండి. ‘ఫోటోలో ఉన్న రంగు కాదు’ అనే ఫిర్యాదు దీనివల్లే వస్తుంది.

వాసన సంగతి ముందే రాయాలి. కరక్కాయ, గేదెపాలు కలిపి ముంచిన బట్ట కాబట్టి కొత్తలో వాసన ఉంటుంది. పాలు వేసేది గీసిన రంగు పాకకుండా ఉండటానికి. తెలియనివాళ్ళు కవర్ విప్పగానే ‘పాత సరుకు పంపారు’ అంటారు. ‘నీడన ఒక పూట ఆరేస్తే తగ్గుతుంది’ అనే ఒక్క వాక్యం చీటీలో ఉంటే ఆ ఫోన్ రాదు.

ఉతికే సూచన చీటీ కూడా వేయండి. విడిగా, చల్లటి నీళ్ళలో, తేలికపాటి సబ్బుతో ఉతకాలి, నానబెట్టకూడదు, నీడన ఆరేయాలి. చాలామంది రాయనిది ఇంకొకటుంది: నిమ్మరసం, చింతపండు, వెనిగర్ తగలకూడదు. నల్ల గీత వచ్చేది తుప్పు ఇనుము, బెల్లం పులియబెట్టిన కసిమి కరక్కాయతో కలిసినప్పుడు. పులుపు ఆ కలయికని విడగొడుతుంది, నలుపు అక్కడికక్కడే వెలిసిపోతుంది. పులిహోర తింటూ దుపట్టా మీద ఒలకబోసుకుని మీకు ఫోటో పంపిస్తారు, చూడండి.

బట్ట పూర్తిగా ఆరకుండా ప్లాస్టిక్ కవర్‌లో మూయొద్దు. మనకి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, గాలిలో చెమ్మ. పాలు పట్టిన బట్టకి బూజు తొందరగా వస్తుంది. ఉతికి, ఎండి, ఇస్త్రీ అయిన బట్టని కూడా ఒక రోజు గాలికి ఉంచి, సిలికా జెల్ పొట్లంతో మూయండి. ఇంట్లో నిలవ ఉంచేటప్పుడు ప్లాస్టిక్ కాదు, పాత కాటన్ గుడ్డలో చుట్టండి, నెలకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఉంటే ఆ గీత దగ్గర రంగు వెలుస్తుంది.

దేవుడి బొమ్మలున్న దుపట్టాలు తక్కువ తీసుకోండి. చూసి మెచ్చుకునేవాళ్ళు ఎక్కువ, కాళ్ళ దగ్గర వేలాడుతుందని కొననివాళ్ళు ఇంకా ఎక్కువ. తామర, నెమలి, చెట్టు, తీగలు ముందు. రాముడు, కృష్ణుడు గోడకి తగిలించే గుడ్డ మీద బాగుంటారు.

కొర్లగుంట చెల్లి

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ చాలా థాంక్స్. చీరలు పక్కన పెడతాం. దుపట్టా ధర గురించి ఎవరన్నా లెక్క వేసి చూపిస్తారా? ఇంకోటి, అడిగినవాళ్ళలో సగంమంది ‘క్యాష్ ఆన్ డెలివరీ ఉందా’ అంటున్నారు. లేదంటే వెళ్ళిపోతారేమో అని భయం.

పద్దుల పుస్తకం

1,599 లెక్క చూడండి. జీఎస్టీ తీసుకున్నారనుకుందాం, ధరలోనే 5 శాతం కలిసి ఉంటే ప్రభుత్వానికి పోయేది 76. గేట్‌వే 2 శాతం, దానిమీద 18 శాతం జీఎస్టీ, అంటే మొత్తం 2.36 శాతం, 38 రూపాయలు. కొరియర్ 90 అనుకోండి, ప్యాకింగ్ 30. పిన్నమ్మకి 1,200. మిగిలేది 165. పదింటిలో ఒకటి తిరిగొస్తే రానుపోను 200 ఖర్చు, ఒక్కో దుపట్టా మీద 20 పడుతుంది. చివరికి 145. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనకి ఒక్కో ఆర్డర్‌కి 150 అయినా చేతినుంచి పడుతుంది.

1,999 పెడితే జీఎస్టీ 95, గేట్‌వే 47, మిగతావి అవే. మిగిలేది 537, తిరిగొచ్చేవాటికి తీసేస్తే 517. ప్రకటనకి 250 పెట్టినా 267 మిగులుతుంది. నా దృష్టిలో 1,999 కన్నా తగ్గించకండి. మొదటి విడత ఆంధ్ర లోపలే, జీఎస్టీ లేకుండా, డబ్బు నేరుగా యూపీఐలో తీసుకుంటే ఆ 95, 47 మీకే మిగులుతాయి. అట్లాగని ఆ మేరకు ధర తగ్గించొద్దు. రేపు జీఎస్టీ తీసుకున్నాక పెంచితే పాతవాళ్ళు అడుగుతారు. ఇంకోటి, జీఎస్టీ నంబర్ లేనప్పుడు బిల్లు మీద జీఎస్టీ అని విడిగా చూపించి వసూలు చేయడం నేరం.

సిల్కు దుపట్టాల దగ్గర జాగ్రత్త. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెడీమేడ్ బట్టలకి పీసు 2,500 దాకా 5 శాతం, అది దాటితే 18. దుపట్టా 6214 హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ కిందికి వస్తే ఈ గీత దానికీ వర్తిస్తుంది. 2,700 పెట్టి అమ్మేకన్నా 2,500 లోపల పెడితేనే మీకు ఎక్కువ మిగలొచ్చు, లెక్క వేసి చూసుకోండి. చీర బట్ట కిందికి వస్తుంది కాబట్టి దానికి ధర ఎంతైనా 5 శాతమే.

పిన్నమ్మ వాళ్ళకి జీఎస్టీ ఉండదు కాబట్టి వాళ్ళ దగ్గర కొన్నదాని మీద మీకు ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టేదాంట్లోంచి తగ్గించుకోవడం) రాదు. కొరియర్, ప్యాకింగ్, గేట్‌వే బిల్లుల మీద వస్తుంది, మీ జీఎస్టీ నంబర్ ఆ బిల్లుల మీద పడేలా చూసుకోండి. పిన్నమ్మకి ఇచ్చే డబ్బు కూడా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఇంటివాళ్ళే కదా అని చేతికిస్తే ఏడాది చివర మీ ఖర్చుకి రుజువుండదు.

మార్కెట్ సైట్ల ద్వారా అమ్మితే వాళ్ళు జీఎస్టీ టీసీఎస్ (సైట్ వాళ్ళే ముందుగా పట్టుకునే పన్ను) 0.5 శాతం కోసి ఇస్తారు. అది పోయిన డబ్బు కాదు, పోర్టల్‌లో క్రెడిట్‌గా కనబడుతుంది, అడిగి తీసుకోవాలి. చాలామంది చూసుకోకుండా వదిలేస్తారు.

పార్సిల్ బండి

సీఓడీ (క్యాష్ ఆన్ డెలివరీ) భయం అందరికీ ఉండేదే. లెక్క చెప్తా. సీఓడీకి కొరియర్ అదనపు ఛార్జీ ఉంటుంది. డబ్బు మీ ఖాతాకి రావడానికి డెలివరీ తరవాత వారం పైన పడుతుంది. పాతిక పీసుల సరుకులో పది సీఓడీలో ఉంటే 12,000 విలువైన సరుకు దారిలో ఉన్నట్టే. తలుపు దగ్గర ‘వద్దు’ అంటే పోయేది, వచ్చేది రెండూ మీ ఖర్చే. ఒక్కటే ఉన్న పీసు, ఆ పది పదిహేను రోజులూ ఇంకెవరికీ అమ్మలేరు. నష్టం ఇక్కడుంది, కొరియర్ ఛార్జీలో కాదు.

పూర్తిగా లేదనకండి. 300 ముందు యూపీఐలో కట్టించుకుని, మిగతాది డెలివరీలో తీసుకోండి. 300 కట్టినవాళ్ళు సరుకు వెనక్కి పంపడం చాలా తక్కువ, పంపినా రానుపోను ఖర్చు వచ్చేస్తుంది. ఈ 300 వెనక్కి ఇవ్వబడదని ముందే మెసేజ్‌లో రాసి, ‘సరే’ అనిపించుకోండి. పంపేముందు ఒకసారి ఫోన్ చేసి చిరునామా, పిన్‌కోడ్, ఇంటి గుర్తు చదివి వినిపించండి. మన వైపు ‘రామాలయం వెనక వీధి’ చిరునామాలకి పిన్‌కోడ్ తప్పుంటే పార్సిల్ వేరే హబ్‌కి పోతుంది.

‘వాపసు తీసుకోబడదు’ అని పెద్దక్షరాలతో రాసి కూర్చోవద్దు. చెడిపోయింది, చెప్పినట్టు లేనిది, వేరేది పంపినది అయితే వెనక్కి తీసుకోను అనే హక్కు అమ్మేవాళ్ళకి లేదు. మీరు రాయాల్సింది: మనసు మారితే వాపసు లేదు, సరుకులో లోపం ఉంటే అందిన 48 గంటల్లో చెప్పాలి, కవర్ విప్పేటప్పుడు తీసిన వీడియో పంపాలి. మీవైపు కూడా ప్యాక్ చేసేటప్పుడు బట్ట రెండువైపులా, చీటీ నంబర్, లేబుల్ వరసగా కనబడేలా ఒక వీడియో తీసి మూడు నెలలు ఉంచండి.

కరక్కాయ

చీరలు ఆర్డర్ మీద చేయిస్తామంటున్నారు కదా, ఒక జాగ్రత్త. సగం డబ్బు ముందు తీసుకోండి, బొమ్మ బొగ్గుతో గీసిన దశలో ఒకసారి ఫోటో పంపి ఒప్పించుకోండి. కసిమితో గీశాక మార్చడం కుదరదు. ఎన్నిరోజులని అడిగితే పిన్నమ్మ చెప్పిన గడువుకి వానాకాలంలో ఇంకో రెండు వారాలు కలిపి చెప్పండి. పారే నీళ్ళలో ఉతకాలి, ఎండలో ఆరాలి, రెండూ వాన చేతిలోనే ఉంటాయి. వరలక్ష్మీ వ్రతానికి కావాలంటే ఉగాది వెళ్ళగానే ఆర్డర్లు మొదలుపెట్టండి, ఆషాఢంలో అడిగినవాళ్ళకి తయారుగా ఉన్న దుపట్టాలే చూపించండి.